డ్రైవింగు మాస్టారి వేడి వైద్యం

ఆ ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. అసలు పేరు ఏదైనా ఊరందరికీ ఆయన డ్రైవింగు మాస్టారు. బస్టాండు వెనక సందులో, సైకిళ్ళ షాపుకీ ఫొటో స్టూడియోకీ నడుమ ఇరుక్కుని ఉండే ఒక గది ఆయన స్కూలు. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రంగు వెలిసిన రోడ్డు గుర్తుల పటం. బయట తెల్లటి చిన్న కారు. ఆ కారులో డ్రైవరు కాళ్ళ దగ్గరే కాకుండా పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉండేది. ఆ సీటు మాస్టారిది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ సీట్లోనే కూర్చుని, పక్కవాళ్ళ ప్రాణాలూ తన ప్రాణమూ కాపాడుకుంటూ వచ్చాడు.

నోరు మాత్రం మహా చెడ్డది. "అద్దం చూడమంటే నీ మొహం చూసుకుంటావేంటయ్యా? వెనకొచ్చే లారీ మొహం చూడు!" అని అరిచేవాడు. గేరు ముట్టుకోడానికి భయపడేవాళ్ళతో "అది పాము కాదు, పట్టుకో" అనేవాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి వారంలోనే ఒక పేరు తగిలించేవాడు. చిన్న గతుకు కనబడినా బండి ఆపేసే బ్యాంకు ఉద్యోగిని 'స్పీడుబ్రేకరమ్మ'. మలుపు తిరిగినప్పుడల్లా కళ్ళు మూసుకునే పెద్దమనిషి 'ధ్యానం'. అప్పుడెప్పుడో, వచ్చిన వారానికే క్లచ్చు ప్లేటు మాడ్చి మసిచేసిన పొడుగాటి కుర్రాడు 'క్లచ్చు'. ఎంత తిట్టినా సరే, చేతికి లైసెన్సు వచ్చేదాకా ఎవరినీ మధ్యలో వదిలేసే రకం కాదు. అందుకే ఆయన మీద ఎవరూ కోపం పెట్టుకునేవారు కాదు.

అరవై దాటి మూడు నాలుగేళ్ళయ్యాక ఆయన పాఠాల్లో కొత్త అలవాటొకటి చేరింది. బండి బాగానే నడుస్తుంటుంది. ఉన్నట్టుండి "పక్కకాపు" అనేవాడు. తామేం తప్పు చేశామోనని నేర్చుకునేవాళ్ళు హడలిపోయేవారు. మాస్టారు మాటా పలుకూ లేకుండా దిగి, ఏ పెట్రోలు బంకు వెనక్కో వెళ్ళి, చాలాసేపటికి గానీ వచ్చేవాడు కాదు. వెళ్ళేటప్పుడు ఎంత తొందరో, అక్కడ నిలబడ్డాక అంత ఆలస్యం. ధార రాదు. వచ్చాక సరిగ్గా ఆగదు. అయిపోయిందిలే అనుకుని సీట్లో కూర్చుంటే మళ్ళీ మొదలు. ఏ రోడ్డులో ఏ బంకు ఉందో, ఏ బంకులో తలుపుకి గొళ్ళెం లేదో ఆయనకి కంఠతా వచ్చేసింది. పాఠాలు కూడా ఆ బంకుల వెంబడే నడిచేవి.

వయసు మీద పడ్డ మగాళ్ళందరికీ ఇది మామూలేనని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున స్పీడుబ్రేకరమ్మతో ఫ్లైఓవరు ఎక్కాడు. సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి ముందు లారీ ఏదో చెడిపోయి బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందుకి పోడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు, దిగితే ఎటు చూసినా జనమే. మాస్టారు పళ్ళు బిగబట్టాడు. కాళ్ళు దగ్గరికి నొక్కుకున్నాడు. ఆవిడ "మాస్టారూ, హ్యాండుబ్రేకు వెయ్యనా?" అని అడుగుతోంది గానీ ఆయనకి వినబడటం లేదు. చివరికి ఒంట్లోంచి వెచ్చగా జారిపోవడం తెలిసింది. ఏం చెయ్యాలో తోచక డాష్‌బోర్డు మీదున్న నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, మొత్తం ఒళ్ళో వొంపేసుకున్నాడు.

"అయ్యయ్యో, మూత సరిగ్గా లేదు," అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి, "ఎండగా ఉంది కదండీ, ఆరిపోతుందిలెండి," అంది. తర్వాత కిటికీ అద్దం కిందికి దించింది. ఆవిడకి తెలిసిపోయిందని మాస్టారికి తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

ఆ ప్యాంటే భార్యకి సంగతి చెప్పేసింది. ఆవిడ పెద్ద వీధిలో కళ్ళద్దాల షాపులో పనిచేసేది. ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము నిలుస్తుందో చూడగానే చెప్పగలిగే మనిషి. షాపు నుంచి రాగానే చేతిసంచీ పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మా షాపుకొచ్చేవాళ్ళు చూపు ఆనడం లేదని ఒప్పుకోడానికి రెండేళ్ళు తీసుకుంటారండీ. మీకెన్నేళ్ళు కావాలి?"

"ఏం ఒప్పుకోవాలి?"

"ఆ ప్యాంటు నేను ఉతికాను," అంది ఆవిడ.

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

రక్తపరీక్షలు చేశారు, ఫోటోలు తీశారు, లోపల్నించి సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పంపారు. ఫలితం చెప్పిన డాక్టరమ్మ మెత్తటి మనిషి, కానీ మాట దాచే రకం కాదు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరనీ, అది గ్రంథి పొర దాటి పక్కకి పొడుచుకొచ్చిందనీ, ఎముకల్లోకి మాత్రం పాకలేదనీ చెప్పింది. రెండు నెలల దాకా వారానికి ఐదు రోజులు రేడియేషన్, దాంతోపాటు మూడు నెలలకోసారి ఇంజెక్షను. మగతనపు హార్మోను పుట్టకుండా ఆపే ఇంజెక్షను అది. ఆ హార్మోనే జబ్బుకి తిండి అట.

మాస్టారు అన్నీ విని, "బండి నడపొచ్చా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు.

మొదటి ఇంజెక్షను వేసిన కొన్నాళ్ళకే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఛాతీ నుంచి నెత్తి దాకా సెగ ఎగదన్నేది. మొహం కందిపోయి, చొక్కా తడిసి ముద్దయి, అంతలోనే చలి పుట్టేది. ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని అలా ఉక్కిరిబిక్కిరవుతుంటే భార్య ఫ్యాను ఆయనవైపు తిప్పి చూస్తూ నిలబడింది.

"ముట్లుడిగే రోజుల్లో నాకూ ఇలాగే ఆవిర్లొస్తే తమరేమన్నారో గుర్తుందా? నాటకాలాడకు, వెళ్ళి మొహం కడుక్కో అన్నారు."

"అన్నానా?"

"ఒకసారి కాదు."

"అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"ఏం చేస్తారు, వెళ్ళి మొహం కడుక్కోండి," అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి కుళాయి చప్పుడు వినబడింది. నీళ్ళ చప్పుడు చాటున ఆవిడ ఏడుస్తోందని ఆయనకి తెలుసు. లేచి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు.

వాళ్ళకి ఒక్కత్తే కూతురు. లైబ్రరీలో ఉద్యోగం. దొరికిందల్లా చదివే పిల్ల. రేడియేషన్‌కి తోడుగా జబ్బున్న చోట వేడి పెట్టే వైద్యం ఒకటుందని ఆ పిల్లే ఎక్కడో చదివి, డాక్టరమ్మని అడిగింది. అలాంటి యంత్రం ఆ ఆసుపత్రిలోనే ఉందని తెలిసింది. చుట్టుపక్కల మరెక్కడా లేదు.

డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని దెబ్బ తీస్తుంది. ఆ కణం మొండిది, దెబ్బని మళ్ళీ మరమ్మతు చేసుకుంటుంది. మామూలు ఒంటి వేడి కన్నా ఓ నాలుగైదు డిగ్రీలు ఎక్కువ అక్కడికి అందించగలిగితే ఆ మరమ్మతు కుంటుపడుతుంది. అందుకని రేడియేషన్ అయిన వెంటనే, వారంలో ఒకటి రెండు రోజులు, గంటసేపు వేడి పెడతాం."

"అది చేస్తే పోతుందా?" మాస్టారు అడిగాడు.

"వేడి ఒక్కదానితో పోదండీ. కొన్ని రకాల క్యాన్సర్లకి సాయపడుతుందని తెలుసు. మీ జబ్బుకి ఎంత సాయపడుతుందో ఇంకా గట్టిగా తేలలేదు. అసలు వైద్యం రేడియేషనూ ఇంజెక్షనూ. ఇది పక్కన ఊతం, అంతే. ఆశంతా దీనిమీదే పెట్టుకోకండి."

మాస్టారు సరిగ్గా అదే చేశాడు. రేడియేషన్ కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. పడుకోబెడతారు, ఏదో గుయ్యిమంటుంది, లెమ్మంటారు. ఇంజెక్షను మనిషిని నీరసపరచడం తప్ప మరేం చేస్తోందో తెలియదు. వేడి అలా కాదు. వేడంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఇంజను వేడెక్కితే తెలుస్తుంది, టైరు వేడెక్కితే తెలుస్తుంది. చేస్తే పని అదే చేస్తుందని మనసులో పడిపోయింది.

ఆ వారంలోనే భార్య ఆయన్ని పట్టుకుంది. మంచం మీద దుప్పటి కప్పుకుని, పొత్తికడుపు మీద వేణ్ణీళ్ళ సంచీ పెట్టుకుని పడుకున్నాడు.

"ఏంటండీ ఇది?"

"ముందే మొదలెడితే మంచిది కదా అని."

"ఇది చర్మం దాటి లోపలికి పోదని డాక్టరమ్మ మొత్తుకుంది కదా!"

"కొంచెమైనా పోదా?" అన్నాడు. అడిగిన తీరుకి ఆవిడకి కోపం రాలేదు. సంచీ తీసుకెళ్ళి నీళ్ళు పారబోసింది.

రేడియేషన్ మొదలైంది. దానికో చిక్కు ఉంది. మూత్రాశయం నిండుగా ఉంటేనే పక్కనున్న పేగులకి దెబ్బ తగలదట. అందుకని ముందు కడుపు నిండా నీళ్ళు తాగి, పిలిచేదాకా ఆపుకుని కూర్చోవాలి. ఆపుకోలేకపోవడమే జబ్బయిన మనిషిని ఆపుకొమ్మంటున్నారు. వరండాలో తనలాంటి మగాళ్ళంతా నీళ్ళ సీసాలు పట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని, పరీక్షకి వచ్చిన పిల్లల్లా బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. ఎవరి పేరు పిలిచినా అందరూ ఉలిక్కిపడేవారు. రెండుసార్లు మాస్టారు రేడియేషన్ బల్ల మీదే తడిపేసుకున్నాడు. అక్కడి వాళ్ళు ఏమీ అనకుండా దుప్పటి మార్చారు. ఏదైనా అంటేనే బాగుండుననిపించింది.

వేడి పెట్టే గది కింది అంతస్తులో ఉంది. మొదటిరోజు లోపలికి వెళ్ళేసరికి నీలం దుస్తుల్లో పొడుగాటి మనిషి ఒకడు నవ్వుతూ ఎదురొచ్చాడు. నలభైకి దగ్గర పడ్డవాడు, జుట్టు పలచబడింది.

"మాస్టారూ, గుర్తుపట్టలేదా? క్లచ్చుని."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఒరేయ్ నువ్వా! బండి నడుపుతున్నావా, నెట్టిస్తున్నావా?"

"నడుపుతున్నానండీ. ఇప్పటిదాకా రెండో ప్లేటు మార్చలేదు."

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పక్కన ట్రేలో సన్నటి గొట్టాలు కనబడ్డాయి. లోపలి వేడి కొలిచే తీగని వెనకనుంచి ఎక్కించాలనీ, అది తనే చెయ్యాలనీ క్లచ్చు మెల్లిగా చెప్పాడు.

"నువ్వా?"

"నేనేనండీ. ఇవాళ ఇంకెవరూ లేరు." ట్రే మీద గుడ్డ కప్పి, "గోడవైపు తిరిగి పడుకోండి మాస్టారూ. కళ్ళు మూసుకోండి. నేను మాట్లాడను," అన్నాడు.

మాస్టారు గోడవైపు తిరిగాడు.

తర్వాత నడుం చుట్టూ పెద్ద వలయం లాంటిది దించారు. దానికీ ఒంటికీ మధ్య నీళ్ళు నింపిన తిత్తులు ఉబ్బుతూ వచ్చి నాలుగు వైపుల నుంచీ ఒత్తాయి. క్లచ్చు ఆయన చేతిలో ఒక బెల్లు పెట్టాడు.

"నేను అద్దం అవతల ఉంటాను. మైకులో మాట్లాడితే వినబడుతుంది. ఎక్కడైనా చురుక్కుమన్నా, మంట పుట్టినా, లోపలేదో నొక్కేస్తున్నట్టున్నా వెంటనే చెప్పండి. తీగ ఉన్నచోట వేడి ఎంతో నాకు కనబడుతుంది. మిగతా ఒంట్లో ఏమవుతోందో మీరు చెబితేనే తెలుస్తుంది."

"చెబితే ఏం చేస్తావు?"

"వేడి తగ్గిస్తాను. పక్కకి మళ్ళిస్తాను."

'తగ్గిస్తాను' అన్న ఆ ఒక్క మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది.

మొదటి రెండుసార్లు బాగానే జరిగింది. నడుం లోపల ఎవరో సన్నటి సెగ పెట్టినట్టు మెల్లిగా వేడెక్కేది. చెమట కారిపోయేది. గుండె దడదడలాడేది. దిగేసరికి కాళ్ళలో సత్తువ ఉండేది కాదు. అయినా ఆయన మొహంలో ఎన్నాళ్ళకో కొంచెం కళ వచ్చింది. "తెలుస్తోందే, లోపల పని జరుగుతున్నట్టు తెలుస్తోంది," అని భార్యతో అన్నాడు.

మూడోసారి, మొదలైన కాసేపటికే కుడి డొక్క కింద ఏదో పొడిచినట్టయింది. తర్వాత మంట. ఇంకాసేపటికి ఆ మంట ఒకచోట గడ్డకట్టుకుని లోపలికి దిగడం మొదలుపెట్టింది.

"ఎలా ఉంది మాస్టారూ?" మైకులో క్లచ్చు.

"భేషుగ్గా ఉంది."

"నొప్పేం లేదుగా?"

"లేదురా, నీ పని నువ్వు చూసుకో."

బెల్లు అరచేతిలోనే ఉంది. బొటనవేలు మీటకి దూరంగా జరిపి పెట్టుకున్నాడు. ఈ మంటలోనే తన మందు ఉందనీ, ఇది తగ్గితే లోపల అది ఊపిరి పీల్చుకుంటుందనీ ఆయన నమ్మకం. పళ్ళు బిగబట్టి పైకప్పు పలకల అంచుల వెంట చూపు నడిపించాడు. క్లచ్చు మళ్ళీ మళ్ళీ అడిగాడు. అడిగినప్పుడల్లా బాగుందనే చెప్పాడు. చివర్లో గొంతు సరిగ్గా రాలేదు గానీ, చెమటకి అలసిపోయాడని క్లచ్చు అనుకున్నాడు.

సాయంత్రం చొక్కా విప్పుతుంటే భార్య చూసింది. డొక్క కింద అరచేతంత మేర ఎర్రగా కందిపోయి, మధ్యలో బొబ్బలు తేలి, ముట్టుకుంటే చర్మం కింద రాయిలా గట్టిగా ఉంది.

"ఇంత కాలుతుంటే చెప్పలేదా?"

"చెబితే తగ్గిస్తాడు."

"తగ్గించాలనే కదండీ చెప్పమంది! పన్ను నొప్పొస్తే ఇల్లు పీకి పందిరేస్తారే, ఇప్పుడేమొచ్చింది మీకు? ఎవరి కోసం ఓర్చుకున్నారు?" ఆవిడ అలమరలోంచి మందు తీసింది. "నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి మీ కాళ్ళు కనబడుతున్నాయి. కాళ్ళు కదుపుతుంటే చలేమో అనుకున్నానండీ."

బొబ్బ మీద ఆవిడ మందు రాస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

పుండు మానేదాకా వేడి పెట్టకూడదని డాక్టరమ్మ ఆపేసింది. రేడియేషన్ మాత్రం రోజూ సాగింది. ఒళ్ళు కాలిన విషయంలో క్లచ్చుని పైవాళ్ళు పిలిచి నిలదీశారని ఎవరో చెప్పగా మాస్టారు కిందికి వెళ్ళాడు. క్లచ్చు యంత్రం పక్కన తిత్తులు తుడుస్తున్నాడు.

"తప్పు నాదని చెప్పాను డాక్టరమ్మకి," అన్నాడు మాస్టారు.

క్లచ్చు తలెత్తకుండానే అన్నాడు. "నేను అడిగాను కదా మాస్టారూ. ఎన్నిసార్లు అడిగాను? మీరు చెప్పిందే నమ్మాను."

తిట్టి ఉంటే మాస్టారికి ఏదో ఒక జవాబు దొరికేది. వాడు తిట్టలేదు.

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. మళ్ళీ వేడి పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు మాస్టారు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రేడియేషన్ ఇంకా రెండు వారాల పైచిలుకు మిగిలే ఉంది. ఈసారి మంట పుడితే చెబుతానని దారిపొడుగునా భార్యకి మాటిస్తూనే ఉన్నాడు.

కింది అంతస్తులో గది తలుపు తీసే ఉంది. లోపల దీపాలు లేవు. యంత్రం వెనక పలకలు విప్పి గోడకి ఆనించి ఉన్నాయి. క్లచ్చు వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"నిన్న సాయంత్రం ఆగిపోయింది మాస్టారూ. వేడి పుట్టించే భాగమే మాడిపోయింది. తయారుచేసిన చోటు నుంచి రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పడం లేదు."

"నువ్వు బాగుచెయ్యలేవా?"

క్లచ్చు తల అడ్డంగా ఊపాడు. మాస్టారు ఆ చీకటి గదిలో, విప్పేసిన తీగల ముందు కాసేపు అలాగే నిలబడిపోయాడు. రోడ్డు మీద బండి ఆగిపోతే బానెట్ ఎత్తి ఏదో ఒకటి చేసేవాడు. ఇక్కడ ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా తెలియదు.

పైకెళ్ళి డాక్టరమ్మని బతిమాలాడు. "రేడియేషన్ కూడా ఆపెయ్యండమ్మా. అది బాగయ్యాక రెండూ కలిపే పెట్టండి."

"మధ్యలో ఆపకూడదండీ. ఆపితే ఇన్నాళ్ళూ కొట్టిన దెబ్బలన్నీ అది మాన్పుకుంటుంది."

"మరి వేడి?"

"ఉంటే పెట్టేవాళ్ళం," అంది డాక్టరమ్మ. అంతకన్నా ఆవిడ చేతుల్లో కూడా ఏమీ లేదు.

ఆ తర్వాత రోజూ రేడియేషన్ కాగానే మాస్టారు మెట్లు దిగి కిందికి వెళ్ళేవాడు. "వచ్చిందా?" అని అడిగేవాడు. "లేదు మాస్టారూ," అనేవాడు క్లచ్చు. కొన్నాళ్ళకి అడగకుండా తలుపు దగ్గర నిలబడి చూసి వచ్చేసేవాడు. ఇంకొన్నాళ్ళకి క్లచ్చే మొహం చాటేయడం మొదలుపెట్టాడు. ఆయన వచ్చే వేళకి లోపలి గదిలోకి జారుకునేవాడు. కూతురు ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. ఒకచోట యంత్రం ఉందన్నారు గానీ, అక్కడికి వెళ్ళాలంటే రేడియేషన్ కూడా మొదటి నుంచీ అక్కడే జరిగి ఉండాలట. చివరి రోజు రానే వచ్చింది. భాగం రాలేదు. బల్ల దిగుతుంటే అక్కడి అమ్మాయి "అయిపోయిందండీ, ఇక రేపట్నుంచి రానక్కర్లేదు," అని సంతోషంగా చెప్పింది. మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోడానికి తడుముకుంటూ ఉండిపోయాడు.

కొన్ని నెలలకి రక్తపరీక్షలో, ఈ జబ్బు జోరు చెప్పే పీఎస్‌ఏ అంకె బాగా పడిపోయింది. డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, కూతురు ఎగిరి గంతేసింది. భార్య షాపులో అందరికీ చెప్పుకుంది. మాస్టారొక్కడే అంకె వంక అనుమానంగా చూశాడు. "ఇంకా తగ్గాల్సింది," అన్నాడు.

మళ్ళీ స్కూలు తెరిచాడు. పాఠం చెప్పగానే అలసట ముంచుకొచ్చేది. ఒకరోజు మార్కెట్టు వీధిలో కొత్తగా చేరిన ఆవిడ బండి నడుపుతుండగా ఒంట్లో ఆవిరి ఎగదన్నింది. కళ్ళ ముందు అంతా మసకబారింది. ఎదురుగా తోపుడుబండి అడ్డం తిరగడం చూశాడు. కాలు బ్రేకు మీదే ఉంది. తొక్కాలని తెలుసు. తొక్కేలోపే కారు వెళ్ళి తోపుడుబండిని గుద్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి. మాస్టారు దిగి, ఒక్కొక్కటే ఏరి గంపలో వేశాడు. అందరూ పరవాలేదంటున్నా ఆఖరిది దొరికేదాకా లేవలేదు. ఆ మధ్యాహ్నమే కారు నెత్తిమీది బోర్డు తనే విప్పేశాడు. తిట్టడానికి మనుషుల్లేక ఆ నోరు మూగబోయింది. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, సందు మలుపులో తప్పుగా తిరిగే బళ్ళని చూసి పెదవులు మాత్రం కదిపేవాడు.

ఏడాది దాటాక అంకె మళ్ళీ పైకి పాకింది. మొదటిసారి కొంచెం. రెండోసారి ఇంకొంచెం. డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి, కొత్త ఫోటోలు తీయించాలనీ, ఇంజెక్షన్లు ఆపకుండా సాగించాలనీ, మాత్రలు కలపాలనీ చెప్పింది. మాస్టారు అన్నిటికీ తలూపి, చివర్లో అడిగాడు.

"అమ్మా, ఒక్కటి చెప్పండి. ఆ రోజు నేను నొప్పి చెప్పి ఉంటే, కాలేది కాదు. కాలకపోతే మిషను ఆగిపోయేలోపు ఇంకో ఐదారుసార్లు వేడి పడేది. పడి ఉంటే ఇది మళ్ళీ వచ్చేది కాదా?"

డాక్టరమ్మ కాగితం పక్కకి జరిపింది. "తెలియదండీ," అంది. "అన్నిసార్లూ పెట్టించుకున్నా వచ్చి ఉండొచ్చు. అసలు పెట్టించుకోకపోయినా రాకుండా ఉండొచ్చు. మీ ఒక్కరి విషయంలో ఎవరూ చెప్పలేరు."

"మీరూ చెప్పలేరా?"

"నేనూ చెప్పలేను."

కాదు, నీ తప్పేం లేదు అంటుందని ఆయన ఆశపడ్డాడు. పోనీ, నీ తప్పే అన్నా బాగుండేది.

ఇంజెక్షను గది కింది అంతస్తుకి మారింది. భార్యాభర్తలిద్దరూ ఆ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా వేడి పెట్టే గది తలుపు మూసి ఉంది, పైన ఎర్రదీపం వెలుగుతోంది. యంత్రం ఎప్పుడో బాగయింది. తలుపు పక్కన గోడకి ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో మగవాళ్ళ చెప్పులు. కాసేపు వీళ్ళ వంక చూసి, దగ్గరికొచ్చి మాస్టారి భార్యని అడిగింది.

"మీవారికి కూడా ఇదేనా అక్కా?"

"ఇదేనమ్మా."

"మావారిని ఇవాళే మొదటిసారి తీసుకెళ్ళారు. బాగా బాధగా ఉంటుందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "బాధ పుడితే వెంటనే చెప్పమనమ్మా. దాచుకోవద్దని చెప్పు," అన్నాడు.

ఆవిడ తలూపింది. చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది. "మీకు తగ్గిందా అండీ?"

మాస్టారు తల పైకెత్తాడు. ఎర్రదీపం వంక చూస్తూ ఉండిపోయాడు. పక్కనుంచి భార్య అందుకుంది.

"తగ్గిందమ్మా. బాగా తగ్గింది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి, మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. మాస్టారు తల తిప్పి భార్య వైపు చూశాడు.

"ఎందుకలా చెప్పావే?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం చెప్పమంటారు మరి?" అంది ఆవిడ కూడా అంతే మెల్లిగా.

ఇంజెక్షను గదిలోంచి నర్సు ఆయన్ని పిలిచింది. ఒక్కడే లేవబోయి, లేవలేక మోకాలి మీద చెయ్యి ఆన్చాడు. భార్య ఆయన రెక్క కింద చెయ్యి వేసి లేపింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.